రోమ్ పోతే మెషిన్ పోయినట్టేనా? కమొడోర్ 64 యజమానులకు చెబుతున్న ఒక తప్పుడు మాట

పాత హోమ్ కంప్యూటర్లు దాచుకునేవాళ్ళ మధ్య ఒక మెసేజ్ చాలాకాలంగా తిరుగుతోంది. మెషిన్ ఆన్ కాగానే నడవాల్సిన కోడ్ శాశ్వతంగా ఉండే రోమ్ చిప్ గురించిన ఆ మెసేజ్ సారాంశం ఇది: "రోమ్ చిప్ పోతే మెషిన్ పోయినట్టే. ఫ్యాక్టరీలో అచ్చు వేసిన చిప్‌ను ఇంట్లో తయారు చేయలేం. చేసినా పిన్లు కలవవు, పదేళ్ళలో డేటా చెరిగిపోతుంది, రాసే పరికరం కొనలేం, అది చట్టవిరుద్ధం కూడా. మెషిన్ ఒరిజినల్ కాకుండా పోతుంది. ఇంకో మెషిన్ కొని దాని చిప్ పీకి పెట్టుకోవడం ఒక్కటే దారి."

ఆ చివరి సలహా నన్ను ఎక్కువగా బాధపెడుతుంది. నలభై ఏళ్ళు బతికిన ఒక కంప్యూటర్‌ను, ఇంకోదాన్ని బతికించడానికి చంపమంటోంది. అది అవసరమే లేదు. 1980ల నాటి హోమ్ కంప్యూటర్ కమొడోర్ 64నే ఉదాహరణగా తీసుకుని ఒక్కో మాటా చూద్దాం. నేను స్వయంగా చిప్స్ మార్చింది ఆ మెషిన్‌లోనే.

ముందు "రోమ్ పోయింది" అన్న నిర్ధారణ సంగతి. కమొడోర్ 64 ఆన్ చేస్తే నల్ల స్క్రీన్ వచ్చిందంటే రోమ్‌నే అనుమానించడం తొందరపాటు. ఆ మెషిన్‌లో అన్నిటికంటే పేరుమోసిన దోషి పీఎల్ఏ చిప్ (ఏ అడ్రస్‌కి ఏ చిప్ బదులివ్వాలో నిర్ణయించేది). ఆ తర్వాత ర్యామ్ చిప్స్, పవర్ సప్లయ్. నాకు తెలిసిన ఒకాయన నల్ల స్క్రీన్ చూసి, ఈ మెసేజ్ నమ్మి, చక్కగా పనిచేస్తున్న రెండో మెషిన్ కొని దాని రోమ్‌లు పీకారు. అయినా మొదటిది లేవలేదు. పోయింది పీఎల్ఏ. రోమ్‌లు బోర్డుకి సోల్డర్ చేసి ఉండడంతో, పీకేటప్పుడు రెండో బోర్డు ట్రాక్‌లు కూడా లేచిపోయాయి.

తెలుసుకునే పద్ధతి ఉంది. ఈ మెషిన్‌లో రోమ్‌లు మూడు: బేసిక్ (ప్రోగ్రామింగ్ భాష), కెర్నల్ (మెషిన్‌ను నడిపే మూల కోడ్), అక్షరాల రోమ్ (స్క్రీన్ మీది అక్షరాల ఆకారాలు). మొదటి రెండూ 8 కేబీ, మూడోది 4 కేబీ. స్క్రీన్ రంగులు సరిగా వచ్చి, అక్షరాల చోట మాత్రం పిచ్చి గీతలు కనబడితే అక్షరాల రోమ్‌ను అనుమానించాలి. మెషిన్ వెనక తగిలించే డెడ్ టెస్ట్ అనే కార్ట్రిడ్జ్ ఒకటుంది. అది కెర్నల్‌నూ బేసిక్‌నూ పక్కనపెట్టి తన సొంత కోడ్‌తో మెషిన్‌ను నడుపుతుంది. ఆ కార్ట్రిడ్జ్‌తో లేచి, అది లేకుండా లేవకపోతే అప్పుడు రోమ్‌ల వైపు చూడాలి. రోమ్‌లు సాకెట్లలో ఉంటే, చిప్ తీసి పిన్లు శుభ్రం చేసి మళ్ళీ పెట్టి చూడండి. చాలాసార్లు అంతటితో సరిపోతుంది.

"ఇంట్లో తయారు చేయలేం" అన్నది సగం నిజం. మాస్క్ రోమ్‌లో డేటా చిప్ తయారీలోనే అచ్చుపడుతుంది, దాన్ని ఇంట్లో చేయలేం. కానీ మెషిన్‌కి కావలసింది మాస్క్ రోమ్ కాదు. అడ్రస్ ఇస్తే సరైన బైట్ తిరిగి ఇచ్చే చిప్ ఏదైనా దానికి చాలు. ఆ పని ఈప్రామ్, అంటే మనమే డేటా రాసి, చెరిపి మళ్ళీ రాసుకోగల చిప్, చేస్తుంది. ఇంటెల్‌లో డోవ్ ఫ్రోమన్ 1971 నాటికే దాన్ని తయారుచేశాడు. హోమ్ కంప్యూటర్ల కంపెనీలే దాన్ని వాడుకున్నాయి. 1984లో సింక్లెయిర్ క్యూఎల్ మొదటి మెషిన్లకు 48 కేబీ కోడ్ కావాల్సి వచ్చింది, బోర్డులో చోటు 32 కేబీకే ఉంది. మిగిలిన కోడ్‌ను ఈప్రామ్‌లో రాసి, వెనక పోర్టుకు తగిలించి కొన్నవాళ్ళకు పంపారు. బీబీసీ మైక్రో సంగతి ఇంకా నచ్చుతుంది నాకు. యజమాని తానే రోమ్ చిప్స్ పెట్టుకోవడానికి అందులో సాకెట్లు వదిలారు, వర్డ్ ప్రాసెసర్ కూడా చిప్‌గానే అమ్మేవారు. 1984లో మొదలైన క్లాస్ అనే కంప్యూటర్ చదువుల ప్రాజెక్టు కింద మన దేశంలో బడులకు వచ్చినవి ఆ మెషిన్లే. ఆ ల్యాబ్‌లో కూర్చున్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, మీరు వాడిన కంప్యూటర్ చిప్ మార్చుకోవడానికే తయారైందని తెలుసుకోండి.

ఇక "పిన్లు కలవవు". ఈ మాటలో నిజం ఉంది కాబట్టి దీన్ని దాటవేయను. కమొడోర్ 64లో బేసిక్, కెర్నల్ చిప్స్‌కి 24 పిన్లు. అదే 8 కేబీ పట్టే 2764 ఈప్రామ్‌కి 28. నేరుగా గుచ్చితే పనిచేయదు. కానీ తేడా ఎంతో చూడండి. రెండిటి కింది చివరలు కలిసేలా పెడితే, ఈప్రామ్ 1, 2, 27, 28 పిన్లు సాకెట్ బయట నిలుస్తాయి. లోపల పడ్డ 24 పిన్లలో అసలైన గొడవ రెండు చోట్లే.

సాకెట్ 18వ పిన్‌లో ఏ11 అడ్రస్ లైన్ వస్తుంది, అక్కడ ఈప్రామ్ 20వ పిన్, అంటే చిప్‌ను మేల్కొలిపే చిప్ ఎనేబుల్ కూర్చుంటుంది. సాకెట్ 21లో ఏ12 వస్తుంది, అక్కడ ఈప్రామ్ 23, అంటే ఏ11 కూర్చుంటుంది. కాబట్టి ఈప్రామ్ 20నూ 23నూ సాకెట్‌లోకి దిగనివ్వకుండా బయటికి వంచాలి. 20ని 22తో కలపాలి. 23 నుంచి సాకెట్ 18కి ఒక వైరు, 2వ పిన్ నుంచి సాకెట్ 21కి ఒక వైరు వేయాలి. 1, 27, 28 పిన్లను 26తో కలిపితే వాటికి 5 వోల్టులు అందుతాయి. అంతే.

ఈ వంచడం, సోల్డరింగ్ అంతా చిప్ మీద చేయకండి. మధ్యలో ఒక 28 పిన్ల సాకెట్ పెట్టి, దాని కాళ్ళ మీద చేయండి. అప్పుడు చిప్ పిన్లు నిటారుగా ఉంటాయి, మళ్ళీ తీసి రాసుకోవచ్చు. సాకెట్లు, సన్న వైరు హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. నా మొదటి అడాప్టర్‌లో 20ని 22తో కలపడం మరిచిపోయాను. నల్ల స్క్రీన్ చూసి డేటా తప్పనుకుని, ఒక సాయంత్రమంతా అదే చిప్‌ను మళ్ళీ మళ్ళీ రాశాను. వైర్లు వేశాక మల్టీమీటర్‌తో ఒక్కో పిన్ చూసుకుంటే ఆ టెన్షన్ ఉండదు. తర్వాతి కాలపు 64సీ బోర్డుల్లో బేసిక్, కెర్నల్ కలిపి ఒకే 16 కేబీ, 28 పిన్ల చిప్‌లో ఉంటాయి. అక్కడ 27128 అనే 16 కేబీ ఈప్రామ్ పిన్ల అమరిక నేరుగా సరిపోతుంది, ఈ వైర్ల పనే లేదు.

"పదేళ్ళలో చెరిగిపోతుంది" అన్నది ఎక్కడి నుంచి పుట్టిందో ఊహించగలను. కొన్ని చిప్స్ డేటాషీట్లలో పదేళ్ళ హామీ ఉంటుంది. అది కంపెనీ పూచీ పడే కనీస కాలం, పదో ఏట డేటా పోతుందని కాదు. 1980లలో రాసిన ఈప్రామ్‌లు చాలా ఇప్పటికీ చదవగానే సరిగ్గా వస్తున్నాయి. వెలుతురు భయం మాత్రం నిజమైనదే. ఈప్రామ్‌కి ఉన్న గాజు కిటికీ మీద అతినీలలోహిత కాంతి పడితే డేటా చెరుగుతుంది. ఇంటెల్ డేటాషీట్ ప్రకారం నేరుగా ఎండలో పెడితే సుమారు ఒక వారం, ట్యూబ్‌లైట్ కింద ఎప్పుడూ ఉంచితే సుమారు మూడేళ్ళు పడుతుంది. కిటికీ మీద వెలుతురు చొరబడని లేబుల్ అంటించి, పైన మెషిన్ కేసు మూస్తే ఆ భయం తీరినట్టే. ఇంకా అనుమానం ఉంటే ఫైల్ మీ దగ్గరే ఉంటుంది, మళ్ళీ రాసుకోవచ్చు. ఇంకో మెషిన్ నుంచి పీకిన చిప్‌కి ఆ సౌకర్యం లేదు. పైగా అది కూడా పోయినదాని వయసుదే.

పరికరం ఖర్చు గురించి: తెలియక కొంటే డబ్బు దండగవుతుంది, ఆ మాట ఒప్పుకుంటాను. పాత 2716 ఈప్రామ్‌కి రాయడానికి 25 వోల్టులు కావాలి, ఇంటెల్ 2764కి 21, పేరు చివర ఏ ఉన్న 2764ఏకి 12.5. టీఎల్866-2 ప్లస్ లాంటి చవక ప్రోగ్రామర్ (చిప్‌లో డేటా రాసే పరికరం) 18 వోల్టుల దగ్గర ఆగిపోతుంది. అందుకే పాత చిప్ వెంటపడవద్దు. విన్‌బాండ్ 27సీ512 తీసుకోండి. అది 12 వోల్టులతో రాస్తుంది, కరెంటుతోనే చెరుగుతుంది, అతినీలలోహిత దీపం అక్కర్లేదు. అది 64 కేబీ చిప్. పైన చెప్పిన అడాప్టర్‌లోనే పెడితే ఏ13, ఏ14, ఏ15 మూడూ 5 వోల్టులకు తగులుతాయి, కాబట్టి మెషిన్ చదివేది చివరి 8 కేబీని మాత్రమే. ఫైల్‌ను ఎనిమిదిసార్లు వరసగా అతికించి రాస్తే లెక్క తప్పే అవకాశమే ఉండదు. వేగం గురించి బెంగ వద్దు. ఈ మెషిన్ సుమారు 1 మెగాహెర్ట్జ్‌తో నడుస్తుంది, ఈనాటి చిప్స్ దానికంటే ఎంతో చురుకు.

రాసేముందు ఫైల్ సరైనదో కాదో చూడండి. బేసిక్ రోమ్ 901226-01కి సీఆర్‌సీ32 (ఫైల్ నుంచి లెక్కగట్టే సరిచూపు సంఖ్య) విలువ ఎఫ్833డీ117 రావాలి. కెర్నల్ పెట్టాక ప్రింట్ పీక్(65408) అనే బేసిక్ ఆదేశం కొడితే, అది 901227-03 వెర్షన్ అయితే 3 వస్తుంది.

"చట్టవిరుద్ధం" అన్న మాట అన్ని సందర్భాలకూ వర్తించదు. మన 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్, ప్రోగ్రామ్ కాపీ న్యాయంగా తన దగ్గర ఉన్నవాడు, అది పోకుండా, పాడవకుండా రక్షణగా బ్యాకప్ తీసుకోవడాన్ని ఉల్లంఘనగా చూడదు. రోమ్‌లు రాసి ఊరంతా అమ్మడం వేరే సంగతి, దాన్ని నేను సమర్థించడం లేదు. అందుకే మీ మెషిన్ ఇప్పుడు బాగా నడుస్తుంటే, ఇప్పుడే దాని రోమ్‌లు చదివి ఫైల్‌గా దాచుకోండి. చిప్ పోయాక చదవలేరు.

ఒరిజినల్ పోతుందన్న బాధ నాకూ ఉంది. ఆ చిప్స్ మీద అచ్చయిన అంకెలంటే నాకు ఇష్టం. కానీ సాకెట్‌లో పెట్టిన అడాప్టర్‌ను ఎప్పుడైనా తీసేయవచ్చు, బోర్డు మీద గీత కూడా పడదు. చిప్ సోల్డర్ చేసి ఉండి, నిజంగా పోయిందని తేలితే, దాని కాళ్ళు కత్తిరించి ఒక్కొక్కటే వేడిచేసి తీయండి. బోర్డు కంటే చచ్చిన చిప్ ముఖ్యం కాదు. తీసిన చిప్‌ను యాంటీస్టాటిక్ కవర్‌లో వేసి, ఏ తేదీన, ఏ సాకెట్ నుంచి, ఎందుకు తీశారో ఒక చీటీ మీద రాసి, మెషిన్‌తోపాటే ఉంచండి.