ముందు జీవో, తరువాత రుజువు

దేశ పోషకాహార విధానంలో శాస్త్రానికి విలువ లేదని కొందరు గొణుగుతుంటారు. శుద్ధ అబద్ధం. మన దగ్గర శాస్త్రానికి గొప్ప మర్యాద ఉంది. పెళ్లయిపోయాక జాతకాలు చూడమని పిలిచిన సిద్ధాంతి గారికి జరిగేంత మర్యాద.

ఇనుము, విటమిన్లు కలిపిన బలవర్ధక బియ్యం సంగతే చూడండి. 2019-20లో మూడేళ్ల ప్రయోగం మొదలుపెట్టారు. అది ముగియక ముందే, 2021 ఆగస్టు 15న, 2024 కల్లా ప్రభుత్వ పథకాల బియ్యమంతా బలవర్ధకమేనని ఎర్రకోట మీద ప్రకటించేశారు. ఇలాంటి బియ్యంతో రక్తహీనత ముప్పులో పెద్దగా తేడా ఉండకపోవచ్చని, వైద్య పరిశోధనలను వడపోసే అంతర్జాతీయ సంస్థ కాక్రేన్ సమీక్ష 2019లోనే చెప్పింది. పాపం, అది ఇంగ్లిష్‌లో ఉంది. ఢిల్లీలో చదివి పెట్టేవాళ్లు దొరకలేదేమో.

అసలు ఇంత ఇనుము కావాలని ఎలా తెలిసింది? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఐదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత 2015-16లో 58.6 శాతం, 2019-21లో 67.1 శాతం. వేలికి గుచ్చి తీసిన చుక్కతో లెక్క పెరిగిపోతుంది, నరం నుంచి తీయాలని శాస్త్రవేత్తలు అభ్యంతరం చెప్పారు. న్యాయమైన మాటే. 2016-18లో నరం నుంచి రక్తం తీసిన మరో జాతీయ సర్వేలో, ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల్లో అది 41 శాతమే. సరేనని ఆరో కుటుంబ ఆరోగ్య సర్వేలో రక్తహీనత పరీక్షనే ఎత్తేశారు. అంటే, 80 కోట్ల మంది అన్నంలో ఇనుము కలపడానికి ఆ అంకె బంగారం. ఫలితం చూసుకోవడానికి మాత్రం పనికిరాదు. 2024లో పథకాన్ని 2028 డిసెంబరు దాకా పొడిగించారు కూడా.

మా చిత్తూరు వైపు సంగటి తిని పెరిగాం. వంద గ్రాముల రాగుల్లో ఇనుము 4.6 మిల్లీగ్రాములు, పాలిష్ పట్టిన బియ్యంలో 0.65. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికలోనే ఉందీ లెక్క. కానీ రాగులకు రిబ్బన్ కత్తిరించే అవకాశం తక్కువ.

నిజమైన ప్రయోగాలు తిరుపతి, చిత్తూరు వంటిళ్లలో జరిగాయి. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపి ఒత్తిన గింజను నూటికొకటి చొప్పున కలిపారు. స్టోరు బియ్యం కడిగితే వాటిలో కొన్ని తేలతాయి. "ఇదేందే, ప్లాస్టిక్ బియ్యం!" అని అవ్వలు వాటిని ఏరేశారు. నిర్ణయం తప్పే, ఒప్పుకుంటాను. కానీ నీళ్లలో వేసి చూశాకే నిర్ణయించారు. ఆ మాత్రం వరస మంత్రిత్వ శాఖకు కుదరలేదు.

ఏరిన గింజలు, కడుగు నీళ్లు కుడితిలోకి పోయాయి. కాబట్టి తదుపరి సర్వే మా పాడి ఆవుల మీద చేయాలని సవినయంగా కోరుతున్నాను. ఫలితాలు ఘనంగా వస్తాయి. వేలి నుంచా, నరం నుంచా అనే పేచీ కూడా ఉండదు. ఆవుకు వేళ్లుండవు.