గులాబీ పురుగును పెంచింది మనమే

పత్తి రైతుకు గులాబీ రంగు పురుగు గురించి కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు. పురుగును చంపే విషాన్ని మొక్కే తయారుచేసుకునేలా జన్యువు చేర్చిన బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది. 2006లో రెండు జన్యువుల బీజీ-2 వచ్చింది. 2009 పంటలోనే గుజరాత్‌లో మొదటి జన్యువును పురుగు తట్టుకుంటోందని తేలింది. 2017 నాటికి గుజరాత్, మహారాష్ట్రలు దాటి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ చేలలోనూ రెండో జన్యువు చేతులెత్తేసింది. దీన్ని కొందరు కంపెనీ మోసమన్నారు, కొందరు నకిలీ విత్తనాల పాపమన్నారు, కొందరు వాతావరణం మీదికి నెట్టారు. జరిగింది మాత్రం ప్రకృతి వరణం, అంటే తట్టుకోగలిగినవే మిగిలి తమ గుణాన్ని సంతానానికి అందించడం. ఎలా జరుగుతుందో ముందే తెలుసు, ఎలా ఆలస్యం చేయాలో కూడా తెలుసు. మన యంత్రాంగం ఆ తెలిసిందాన్ని ఒక నిబంధనగా కాగితం మీద రాసి చేతులు దులుపుకుంది.

ముందు ఒక అపోహ తొలగాలి. మందుకు పురుగు మెల్లమెల్లగా అలవాటు పడిందని చాలామంది నమ్మకం. ఏ పురుగూ దేనికీ అలవాటు పడలేదు. బీటీ మొక్క తయారుచేసే విషం పిల్లపురుగు పేగు గోడ మీదున్న ఒక ప్రోటీన్‌ను పట్టుకుంటేనే పనిచేస్తుంది. పట్టు దొరికితే పేగుకు చిల్లు పడి పురుగు చస్తుంది. ఆ ప్రోటీన్ సరిగా తయారవని జన్యులోపంతో పుట్టిన పురుగులో విషానికి పట్టు దొరకదు, అది హాయిగా తిని పెరుగుతుంది. ఆ లోపం బీటీని చూసి పుట్టింది కాదు. కోట్లాది పురుగుల్లో ఎక్కడో ఒకచోట యాదృచ్ఛికంగా పుడుతూనే ఉంటుంది. బీటీ లేని చేలో దానివల్ల పురుగుకు ఒరిగేదేమీ లేదు. ఊరంతా బీటీ వేసిన ఏడాది మాత్రం రాజ్యం దానిదే. 1859లో డార్విన్ చెప్పిన మాట ఇదే: జీవుల మధ్య తేడాలుండాలి, ఆ తేడాలు సంతానానికి అందాలి, వాటిని బట్టి ఎవరు మిగులుతారో తేలాలి. ఈ మూడూ పత్తి చేలో పుష్కలంగా ఉన్నాయి. పైగా గులాబీ పురుగుకు ఒక్క పంటకాలంలోనే నాలుగైదు తరాలు గడిచిపోతాయి.

ఇక అసలు లెక్క. చాలా తేలికైన లెక్క, ఊరి రచ్చబండ మీద సుద్దముక్కతో వేసి చూపించవచ్చు. ప్రతి జన్యువుకూ పురుగులో రెండు ప్రతులుంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. నిరోధకతనిచ్చే జన్యువు సాధారణంగా అంతర్గతం, అంటే రెండు ప్రతులూ అలాంటివైతేనే పురుగు బతికి బట్టకడుతుంది. మాటవరసకు వెయ్యి ప్రతుల్లో ఒకటి అలాంటిదనుకుందాం. రెండూ అలాంటివే పడ్డ పురుగు పది లక్షల్లో ఒకటి. లక్షల పురుగులు చచ్చిన బీటీ చేలోంచి ఒకటో రెండో రెక్కల పురుగులు బయటికి వస్తాయి. వాటికి జత ఎక్కడ దొరుకుతుందన్నదే మొత్తం కథ. పక్కనే బీటీ లేని పత్తి ఉంటే అక్కడ వేల సంఖ్యలో మామూలు పురుగులు పెరుగుతాయి. నిరోధక పురుగు వాటిలో ఒకదానితో జతకడుతుంది. పిల్లలకు ఒక్క ప్రతే వస్తుంది కాబట్టి, విషం మోతాదు గట్టిగా ఉంటే, బీటీ ఆకు కొరకగానే చస్తాయి. నాన్‌బీటీ పత్తి లేకపోతే? బతికి బయటపడ్డవి తమలాంటి వాటితోనే జతకడతాయి. పిల్లలందరికీ రెండు ప్రతులూ వస్తాయి. అక్కడితో ఆట ముగిసినట్టే.

అందుకే 450 గ్రాముల బీటీ విత్తనంతోపాటు 120 గ్రాముల నాన్‌బీటీ విత్తనం ఇచ్చి, చేను చుట్టూ ఐదు వరుసలో, లేదా ఇరవై శాతం విస్తీర్ణంలోనో వేయమన్నారు. ఆ చిన్న ప్యాకెట్ ఎన్ని గట్ల మీద, ఎన్ని చెత్తకుప్పల్లో తేలిందో పత్తి జిల్లాల్లో తిరిగినవారికి తెలుసు. నాన్‌బీటీ పత్తి బదులు కంది వేసుకున్నా సరేనన్నారు. శనగపచ్చ పురుగు విషయంలో అది తెలివైన మాటే. ఆ పురుగు కంది, శనగ, టమాటా, మిరప దేన్నైనా తింటుంది, కాబట్టి ఊరు నిండా దానికి సహజంగానే నాన్‌బీటీ తిండి ఉంది. బీటీ వచ్చి రెండు దశాబ్దాలు దాటినా అది దేశమంతటా తిరగబడకపోవడానికి ఇదొక పెద్ద కారణం. గులాబీ పురుగు దాదాపు పత్తి మీదే ఆధారపడి బతుకుతుంది. దానికి కంది వరుస ఉన్నా లేనట్టే. పైగా నీటి వసతి ఉన్నచోట పత్తిని ఫిబ్రవరి, మార్చి దాకా చేలో ఉంచి, ఆపైన పత్తికట్టెను ఇంటి పక్కన కుప్పవేసి, పురుగుకు ఏడాది పొడవునా కూడూ గూడూ మనమే ఏర్పాటు చేశాం.

నిబంధన ఉన్నా రైతులు పాటించలేదు, తప్పు వారిదేనని అధికారులు, విత్తన కంపెనీలు అంటాయి. పాటించలేదన్నది నిజమే. కానీ రెండెకరాల కౌలు రైతు తన చేలో ఐదోవంతు పురుగుకు ఎందుకు వదలాలో ఎవరైనా వివరించారా? మందుకు పురుగు లొంగడమనే గుణం చెరువు నీళ్లలాంటి ఊరుమ్మడి ఆస్తి. దాన్ని కాపాడే బాధ్యతను కారణం చెప్పకుండా ఒక్కో రైతు నెత్తిన పెట్టి, పాటించలేదని నిందించడం న్యాయం కాదు. చేతులు కాలాక ఇటీవల నాన్‌బీటీ గింజలను అదే ప్యాకెట్‌లో కలిపి అమ్మే పద్ధతి తెచ్చారు.

ఇంకో దేశంలో ఇదే పురుగు కథ వేరేలా నడిచింది. అమెరికాలోని అరిజోనాలో 1996లో బీటీ పత్తి మొదలైంది. నాన్‌బీటీ పత్తి వేయడాన్ని పదేళ్లపాటు గట్టిగా అమలు చేశారు. 2006 నుంచి సంతానోత్పత్తి శక్తి లేకుండా చేసిన రెక్కల పురుగులను విమానాలతో వదిలారు. 2018లో పత్తి ప్రాంతాల్లో గులాబీ పురుగును నిర్మూలించామని అమెరికా వ్యవసాయ శాఖ ప్రకటించింది. చైనాది మరీ విచిత్రం. యాంగ్సీ నది లోయ రైతులు ఖర్చు తగ్గుతుందని రెండోతరం సంకర విత్తనం వేయడం మొదలుపెట్టారు. అందులో మొక్కల్లో నాలుగోవంతుకు బీటీ జన్యువు ఉండదు. పెరగబోయిన నిరోధకత వెనక్కి తగ్గింది. ఎవరూ ఆదేశించకుండానే లెక్క కుదిరింది.

మన దగ్గర విత్తనం కూడా సంకరమే, కానీ మొదటితరం. దాని కాయలో గింజలన్నీ ఒకేలా ఉండవు, ఒక్కో బీటీ జన్యువు నాలుగింట ఒక గింజలో ఉండదు. చైనాలో తేడా మొక్కకూ మొక్కకూ మధ్య, ఇక్కడ ఒకే కాయలోని గింజల మధ్య; అందుకే ఒక్క ప్రతే ఉన్న పురుగు కూడా బతికే వీలుంటుంది. ఈ కలగలుపే నిరోధకతను తొందర చేసిందని నాగపూర్‌లోని కేంద్ర పత్తి పరిశోధన సంస్థ మాజీ డైరెక్టర్ కేశవ్ క్రాంతి చెబుతూ వచ్చారు. కాయ పైకి నవనవలాడుతూ ఉంటుంది. గోటితో చీల్చి చూస్తే గింజల మధ్య గులాబీ రంగు పురుగు, పక్క గదిలోకి అది తొలిచిన గుండ్రటి రంధ్రం, రంగు మారిన దూది. విచ్చుకోని గుడ్డిపువ్వు కనిపించే నాటికే అది లోపల ఉంటుంది. ఇక ఏ మందు కొట్టినా కాయ పైనే.

మనం దేని మీద పోరాడామో గుర్తుచేసుకుంటే ఆశ్చర్యమేస్తుంది. 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విత్తన ధరల మీద గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్ దాకా వెళ్లింది. పదహారు, పద్దెనిమిది వందల రూపాయలున్న ప్యాకెట్ 750కి దిగింది. మంచి పోరాటమే, కాదనను. అందులో పదోవంతు పట్టుదల ఆ 120 గ్రాముల ప్యాకెట్ మీద చూపించి ఉంటే ఇంకొన్నేళ్లు జన్యువు పనిచేసేది. హెచ్చరికలు లేవని కూడా అనలేం. కీటకాలు మందులను తట్టుకోగలవని అమెరికాలో కీటక శాస్త్రవేత్త మెలాండర్ 1914లోనే రాశాడు. 1987-88లో గుంటూరు, ప్రకాశం చేలలో శనగపచ్చ పురుగు పైరిథ్రాయిడ్ మందులను లెక్కచేయనప్పుడు రైతుల ప్రాణాలు పోయాయి. పదేళ్లకు వరంగల్ వంతు వచ్చింది. ప్రతిసారీ మందు మార్చాం, ఆలోచన మార్చలేదు.

మార్చుకునే అవకాశాన్ని ఇప్పుడు బడిలోనే తీసేస్తున్నాం. కోతి మనిషిగా మారడం ఎవరూ చూడలేదని 2018లో కేంద్ర సహాయ మంత్రి సత్యపాల్ సింగ్ అన్నారు. 2023 నాటికి ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలో అనువంశికత మిగిలింది, పరిణామం పోయింది. పిల్లల మీద భారం తగ్గించడానికట! పద్దెనిమిది వందలమందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు నిరసన లేఖ మీద సంతకం చేశారు, ఫలితం లేదు. పన్నెండో తరగతిలో ఉంది కదా అంటారు. ఉంది, జీవశాస్త్రం తీసుకున్నవారికి. పదితో చదువాపి చేలోకి దిగే పిల్లవాడికి లేదు. గద్వాల, కర్నూలు ప్రాంతాల విత్తన చేలలో మగపువ్వు పుప్పొడిని ఆడపువ్వుకు అంటించే క్రాసింగ్ పనికి బడి మాని వెళ్లిన పిల్లలెందరో. తమ వేళ్లతో జన్యువులు కలుపుతున్న పిల్లలకే ఆ జన్యువులు తరాలు మారేకొద్దీ ఏమవుతాయో చెప్పే పేజీ భారమైంది. మంత్రిగారు చూడాలనుకుంటే కోతి దాకా వెళ్లనక్కర్లేదు. పురుగు పురుగుగానే ఉంది, కొత్త జాతి ఏమీ పుట్టలేదు, నిజమే. కానీ జాతులను మలిచే యంత్రం మన కళ్లముందు, మన అప్పులతో నడిచింది.

ఇప్పుడు మళ్లీ అందరి చూపూ కొత్త జన్యువు మీదే. ఈలోగా కలుపుమందును తట్టుకునే పత్తి విత్తనం అనుమతి లేకుండానే దొంగచాటుగా రెండు రాష్ట్రాల చేలలోకి వచ్చింది. రైతు దాని మీద గ్లైఫోసేట్ కొడుతున్నాడు. ఆ మందు కింద చావని కలుపు మొక్క ఏ గట్టు మీదో విత్తనం రాలుస్తుంటే దాన్ని ఎవరు, ఏ జిల్లాలో లెక్కపెడుతున్నారో వ్యవసాయ శాఖలు ఈ వానాకాలం పంటకు ముందే చెప్పాలి.