సవరణ: ట్యాపింగ్ వాన్ హాలెన్ సృష్టి కాదు

రాక్ గిటారులో నేర్పు కంటే సొంతదనమే ఎక్కువని గత వారం ఒక పోస్టు రాశాను. దానికి రుజువుగా, తీగలను వేళ్లతో తట్టి వాయించే ట్యాపింగ్‌ను అమెరికన్ రాక్ గిటారిస్టు ఎడ్డీ వాన్ హాలెన్ 1978లో కనిపెట్టాడని చెప్పాను. అది తప్పు. సరిచూసుకోకుండా రాశాను.

తిరుపతిలో నాకు గిటారు నేర్పిన మాస్టారు పోస్టు చదివి, ఫోనులో ముందు నవ్వారు, తర్వాత వాయించి వినిపించారు. మీటే చేతి వేలితో ఫ్రెట్ (గిటారు మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీ) మీద తీగను టక్కున కొట్టి, అదే వేలితో లాగి వదిలితే, ఎడమచేతి వేలు నొక్కి ఉంచిన స్వరం పలుకుతుంది. ఇదే ట్యాపింగ్. ఇది వాన్ హాలెన్ కంటే ముందే ఉందన్నారు మాస్టారు. గిటారు చరిత్ర పుస్తకాలు తిరగేస్తే ఆయన మాటే నిజమని తేలింది. రెండు చేతులతో ఫ్రెట్ల మీద వాయించే పద్ధతిపై అమెరికన్ గిటారిస్టు జిమ్మీ వెబ్‌స్టర్ 1952లోనే పుస్తకం వేశాడు. ఇంగ్లండ్ రాక్ బృందం జెనెసిస్‌లో గిటారిస్టు స్టీవ్ హ్యాకెట్ 1971 నాటికే ట్యాపింగ్ వాడాడు. వాన్ హాలెన్ దాన్ని మెరుపు వేగానికి తీసుకెళ్లి ప్రపంచమంతా పాకించాడు. అంటే నేను సొంతదనానికి చూపిన ఉదాహరణలో సగానికి పైగా నేర్పే ఉంది!

మరో మాట. సాధన అక్కర్లేదని నేను అన్నట్టు కొందరు అర్థం చేసుకున్నారు. అనలేదు. తిరుచానూరు నుంచి రాసిన తమ్ముడూ, స్కేళ్లు (స్వరాల వరుసల సాధన) మానేయకు. పాత పోస్టులో ట్యాపింగ్ గురించిన వాక్యం మార్చాను, మిగతా వాదన అలాగే ఉంచాను.