ప్రాస్పెక్టస్ ఏడో పేజీలోని ఆటస్థలం గారికి

మహారాజశ్రీ ఆటస్థలం గారి సముఖమునకు,

విశాఖపట్నం ఎంవీపీ కాలనీ నుంచి ఒక ఐదో తరగతి కుర్రాడి తండ్రి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీరు ఎక్కడున్నా క్షేమంగానే ఉంటారని తలుస్తాను. ఎక్కడున్నారో తెలిస్తే ఉత్తరం దాకా రాకుండా స్వయంగా వచ్చి కలిసేవాణ్ణే.

మిమ్మల్ని మొదటిసారి చూసింది మూడేళ్ల కిందట, అడ్మిషన్ల టైములో. మా వాడి స్కూలు ప్రాస్పెక్టస్ ఏడో పేజీలో మీ ఫొటో. నిగనిగలాడే పచ్చిక, తెల్లటి గోల్‌పోస్టులు, వెనకాల మంచు కప్పిన కొండ. మా వైపు మేడ ఎక్కితే కనిపించే కొండ కైలాసగిరి. దాని మీద మంచు పడ్డట్టు ఎవరూ చెప్పగా వినలేదు. అయినా నోరెత్తలేదు. అడ్మిషన్ కౌంటర్ ముందు కూర్చున్న తండ్రికి నోరెందుకుంటుంది? మా ఆవిడే ధైర్యం చేసి "గ్రౌండ్ ఉందా మేడమ్?" అని అడిగింది. "పైన ఉందండీ" అన్నారు. పైవాళ్ల దగ్గర పర్మిషన్‌లో ఉందేమో అనుకున్నాం. తీరా చూస్తే పైన అంటే మేడ మీద.

తప్పు మీది కాదు లెండి. మువ్వలవానిపాలెం అనే నిండైన ఊరి పేరే ఎంవీపీ అని మూడు పొడి అక్షరాలైపోయిన చోటు ఇది. నగరాభివృద్ధి సంస్థ వుడా వాళ్లు 12 సెక్టార్లుగా గీసిచ్చిన కాలనీలో ఇళ్లకు ఇళ్లు, కొట్లకు కొట్లు, రైతుబజారుకు రైతుబజారు అన్నీ అమిరాయి. స్కూళ్లు మాత్రం ఇళ్లలోకి అద్దెకు దిగాయి. మా వాడి స్కూలు ఒకప్పుడు ఎవరో పెద్దాయన రిటైరై ముచ్చటపడి కట్టుకున్న ఇల్లు. హాలు ఎల్‌కేజీ అయింది. వంటిల్లు స్టాఫ్‌రూమ్ అయింది. పూజగది ఫీజు కౌంటర్ అయింది. ఆ ఒక్క గదికీ భక్తిశ్రద్ధల విషయంలో ఏ లోటూ రాలేదు.

స్థలం మొత్తం 200 గజాలు. 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు. క్రికెట్ పిచ్ ఒక్కటే 22 గజాలు, అంటే 66 అడుగులు. గోడలన్నీ కూలగొట్టి పిచ్ వేసినా బౌలర్ పక్కింటి వాకిట్లో నిలబడి బంతి వేయాలి. మగవాళ్ల కబడ్డీ కోర్టు వెడల్పు 10 మీటర్లు, దాదాపు 33 అడుగులు. కూతకు వెళ్లిన వాడు గోడకు గుద్దుకుని అక్కడే ఔట్.

ఇవన్నీ ఎందుకు లెక్క వేశానంటే, గేటుకు కట్టిన ఫ్లెక్సీ చూసి. 100 మీటర్ల హర్డిల్స్‌లో ఆసియా ఛాంపియన్‌షిప్ స్వర్ణం 2023లో ఒకసారి, 2025లో మరోసారి గెలిచిన మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజికి అభినందనలు చెబుతూ వేశారు. ఆమె ఫొటో కన్నా డైరెక్టర్ గారి ఫొటో పెద్దది, అది వేరే సంగతి. ఆ పరుగులో మొదటి హర్డిల్ 13 మీటర్ల దగ్గర ఉంటుంది. మన ప్లాటు పొడవు 18 మీటర్లు కాబట్టి అది లోపలే పడుతుంది, సంతోషం. రెండోది 21.5 మీటర్ల దగ్గర, అంటే వెనకింటి వాళ్ల స్నానాలగదిలో. మిగతా ఎనిమిదీ కాంపౌండ్లు దూకుకుంటూ ఉషోదయ జంక్షన్ దారి పడతాయి.

ఇక మేడ మీద మీ వైభవం. సగంలో రేకుల షెడ్డు, అది కంప్యూటర్ ల్యాబ్. ఒక మూల రెండు నల్లటి నీళ్ల ట్యాంకులు. మిగిలిందే మీరు. పీటీ పీరియడ్ 40 నిమిషాలు. అందులో లైను కట్టి మెట్లెక్కడానికి పది, దిగడానికి పది. మార్చి దాటితే గచ్చు మీద కాలు పెట్టలేరు కాబట్టి ట్యాంకుల నీడన నోటి మీద వేలేసుకుని కూర్చుంటారు. మొదట్లో ఒక బంతి ఉండేదట. అది పిట్టగోడ దాటి ఎవరిదో కారు అద్దం మీద పడ్డాక కథ మారింది. ఇప్పుడు టెన్నిస్ బంతికి నైలాన్ తాడు కట్టి, ఆ తాడును ట్యాంకు పైపుకు బిగించారు. తంతే కొంతదూరం వెళ్లి, అదే వేగంతో తిరిగొచ్చి మొహానికి తగులుతుంది. ఒకే పీరియడ్‌లో ఫుట్‌బాలూ బాక్సింగూ రెండూ నేర్పే స్కూలు ఇంకెక్కడైనా ఉందా?

పీఈటీ సారును ఏమీ అనలేను. పొద్దున బస్సు ఇన్‌ఛార్జి, మధ్యాహ్నం నాలుగో తరగతికి సోషల్. "నేను యూనివర్సిటీకి వాలీబాల్ ఆడానండీ" అని ఒకసారి నాతో మెల్లగా అన్నాడు, ఎవరైనా వింటున్నారేమో అని అటూ ఇటూ చూసుకుని.

మీకు చట్టం అండ కూడా ఉందండోయ్. 2009 విద్యా హక్కు చట్టం చివర ఒక షెడ్యూల్ ఉంది. 60 మంది దాకా పిల్లలుంటే ఇద్దరు టీచర్లు, ఐదో తరగతి వరకు ఏడాదికి 200 పనిదినాలు, ఆపైన ఎనిమిది వరకు 220 అని అందులో అంకెలు వేసి మరీ రాశారు. మీ దగ్గరికొచ్చేసరికి ఆటస్థలం అని ఒక్క ముక్క రాసి కలం మూసేశారు. పొడవెంత, వెడల్పెంత, నేల మీద ఉండాలా ఆకాశంలో ఉండాలా, ఏమీ లేదు. ఆ ఒక్క ముక్కనే మావాళ్లు ఏడో పేజీలో రంగుల్లో అచ్చేయించారు. అక్షరాలా చట్టాన్ని పాటించారు.

ఆగస్టు 29న జాతీయ క్రీడా దినోత్సవం ఘనంగా జరిగింది. క్రీడల ప్రాముఖ్యత మీద వ్యాసరచన పోటీ పెట్టారు. మా వాడికి రెండో బహుమతి. జామెట్రీ బాక్సు ఇచ్చారు.

మా అమ్మ అనకాపల్లి దగ్గర పల్లెలో ఉంటుంది. మొన్న వచ్చినప్పుడు మనవడు శనివారం తెల్ల యూనిఫాంతో బడి నుంచి వస్తే ఎగాదిగా చూసింది. వాడి ప్యాంటు పైకి లాగి మోకాళ్లు తడిమింది. "ఏట్రా ఇది, బుగ్గి అంటకుండా ఒస్తన్నాడు! ఒక్క గీటైనా లేదు. ఈడు బడికే ఎల్తన్నాడా?" అంది. వాడు ఎంచక్కా క్రీడల వల్ల శారీరక దారుఢ్యం పెరుగుతుందని మొదలుపెట్టి వ్యాసం మొత్తం అప్పజెప్పాడు.

పార్కుకు తీసుకెళ్లొచ్చు కదా అంటారేమో. మా వీధి చివర పార్కులో బంతి ఆటలు ఆడరాదు అని బోర్డు ఉంది. దాని పక్కనే వాకింగ్ ట్రాక్, దాని మీద షుగరు తగ్గించుకోవడానికి తిరిగే నాబోటివాళ్లు. ఆ బోర్డు పెట్టమని ఇచ్చిన అర్జీ మీద నేనూ సంతకం పెట్టాను. అప్పటికి మా వాడు పుట్టలేదు. అసలు ఈ స్కూలును ఎంచుకున్నది కూడా నేనే. రెండు వీధుల దూరం, మూడో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్. కాస్త దూరంలో ఉన్న ఇంకో స్కూలుకు నిజంగానే మట్టి నేల ఉంది, వేపచెట్లున్నాయి, వాలీబాల్ నెట్టు కూడా ఉంది. బస్సు ఖర్చు, ట్రాఫిక్, ర్యాంకులు అన్నీ కూడి తీసేసి వద్దనుకున్నాం. కాబట్టి నా ఫిర్యాదును ఆ మేరకు తగ్గించి చదువుకోగలరు.

ఒక్క చిన్న విన్నపం. ఏటా మీ పేరు మీద రూ. 2,500 స్పోర్ట్స్ ఫీజు కడుతున్నాం. రసీదు కూడా ఇస్తున్నారు. అది మీకు చేరుతోందో లేదో ఒక్క ముక్క రాయండి.

నిన్న మా వాడికి మళ్లీ పీటీ బూట్లు కొన్నాం. కాలు పెరిగింది, పాతవి పట్టడం లేదు. పాత జత తీసి చూస్తే అడుగున షాపువాడు అంటించిన ధర స్టిక్కర్ అలాగే ఉంది. పారేయడానికి మనసొప్పక పక్కింటి పిల్లాడికి ఇచ్చేశాం. వాడిదీ అదే స్కూలు.

ఇట్లు,
మీ దర్శనాభిలాషి