ఫోన్ చేసిందెవరు?

మొన్న ఆదివారం విశాఖలో జరగాల్సిన చర్చాసభ జరగలేదు. చరిత్ర పాఠాలు, గ్రంథాలయాల దుస్థితి, సెల్‌ఫోన్లలో తిరిగే ఏఐ దొంగ వీడియోలు, వీటన్నిటి మధ్య ఓటరు గతి ఏమిటన్నది ఆ సభలో చర్చించాల్సిన విషయం. వక్తల్లో ఎక్కువమంది రిటైరైన మాస్టార్లు. ముందే అద్దె కట్టిన హాలుకు శనివారం రాత్రి తాళం పడింది. ఎందుకని అడిగితే, పైనుంచి ఫోన్ వచ్చిందన్నారు. అంతకుమించి ఒక్క ముక్క లేదు.

శాంతిభద్రతల బాధ్యత పోలీసులదే, కాదనం. గొడవ జరుగుతుందన్న సమాచారం ఉంటే సభను ఆపే అధికారం కూడా చట్టం ఇచ్చింది. కానీ ఊరికే ఇవ్వలేదు. పాత నేర విచారణ చట్టం (సీఆర్‌పీసీ)లోని 144 సెక్షన్ అయినా, 2024 జులై నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 163 అయినా, కారణాలు చూపిస్తూ ఉత్తర్వు రాసివ్వాలనే అంటున్నాయి. పోలీసు చట్టం సెక్షన్ 30 ఉందిగా అంటారేమో. అది రోడ్ల మీద సభలకు, ఊరేగింపులకు. నాలుగు గోడల మధ్య కుర్చీలు వేసుకుని మాట్లాడుకునేవాళ్లకు కాదు.

మా భయం ఈ ఒక్క సభ గురించి కాదు, సంతకం లేని ఉత్తర్వు అలవాటైపోవడం గురించి. రోడ్లపై సభలను కట్టడి చేస్తూ 2023 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన జీవో 1 గుర్తుందా? ఆ మే నెలలోనే హైకోర్టు దాన్ని కొట్టేసింది. చెడ్డ జీవోనే. అయినా దానికి నంబరు ఉంది, తేదీ ఉంది, కింద సంతకం ఉంది. కాబట్టే కోర్టు బోనులో నిలబెట్టి నిలదీయగలిగారు. ఫోన్ కాల్ మీద హైకోర్టులో రిట్ పిటిషన్ ఎలా వేస్తారు? మాకు తెలియదని స్టేషన్‌లో అంటారు, మా చేతుల్లో లేదని హాలువాళ్లు అంటారు. సభ మాత్రం ఆగిపోతుంది. నాడు జీవో తెచ్చినవారు, దానిపై నిప్పులు చెరిగినవారు, ఇద్దరూ దీనికి జవాబు చెప్పాలి.

ఇంటర్నెట్‌లోనూ ఇదే తంతు. ఇంటర్నెట్ ఆపే ఉత్తర్వులను ప్రచురించి తీరాలని 2020లో కశ్మీర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పోస్టులను తొలగించే విషయంలో మాత్రం ఐటీ చట్టం కింద వచ్చిన 2009 నాటి నిబంధనల్లో 16వది ఫిర్యాదునూ, తీసుకున్న చర్యనూ గోప్యంగా ఉంచాలంటుంది. పోస్టు మాయమవుతుంది, ఎవరు తీయించారో రాసినవాడికి తెలియదు. గూగుల్ 15 బిలియన్ డాలర్ల ఏఐ హబ్ మన ఊరికే వస్తోందని ఫ్లెక్సీలు కట్టుకున్నాం. ఆ ఏఐ ఓటరును ఏం చేస్తుందో మాట్లాడుకోవడానికి మాత్రం ఒక్క హాలు దొరకదా?

ఈ ఊరికి సభలు కొత్త కాదు. 1886లోనే ఇక్కడ సరస్వతీ నిలయం గ్రంథాలయం వెలసింది. 1966లో 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అన్నది ముందు సభల్లో, వీధుల్లో పుట్టిన మాట, తర్వాతే ఢిల్లీకి వినిపించింది. దానికోసం రాష్ట్రంలో 32 మంది ప్రాణాలిచ్చారు. ఆ చరిత్రను మాస్టార్లు చెప్పకపోతే పిల్లలు వాట్సాప్‌లో నేర్చుకుంటారు. గ్రంథాలయాల పేరుతో మన ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు సెస్సు వసూలు చేస్తూనే ఉన్నారు. ఆ డబ్బు గ్రంథాలయ సంస్థలకు సరిగా జమ కావడం లేదన్న గోల ఏళ్లనాటిది. ఆ లెక్కలు కూడా ఆ సభలో అడిగేవారేమో, ఎవరికి తెలుసు!

ఫోన్ చేసిన అధికారికి మేం చెప్పేది ఒక్కటే. సభలో ప్రమాదం ఉందనుకుంటే ఆ మాట తెల్లకాగితం మీద రాసి, కింద సంతకం పెట్టండి. రాయడానికి చెయ్యి రాకపోతే హాలు తాళం తీయించండి. ఇక హాలు యాజమాన్యం సంగతి. అద్దె వాపసు ఇచ్చేశాం కదా అని చేతులు దులుపుకుంటే సరిపోదు. రేపో మాపో ఇంకో సభకు దరఖాస్తు వస్తుంది, మళ్లీ ఆ ఫోనే మోగుతుంది. 'సార్, ఒక ముక్క రాసివ్వండి' అనడానికి మీకు నోరు రాదా?