సాక్షి ఎదురుగా ఉండగా వాయిదా ఎందుకు?

పాతికేళ్ల కిందట పక్కింటాయన దస్తావేజు మీద మా నాన్నగారు సాక్షి సంతకం పెట్టారు. ఇప్పుడు ఆ స్థలం కోర్టుకెక్కింది. డెబ్బై నాలుగేళ్ల మనిషి మొన్న తెల్లవారుజామున బస్సెక్కి, పదిన్నరకల్లా కోర్టు వరండాలో కూర్చున్నారు. పన్నెండు దాటాక పిలుపొచ్చింది. అవతలి లాయరుగారి జూనియర్ లేచి, "సీనియర్ గారు వేరే కోర్టులో ఉన్నారండీ, క్రాస్‌కి టైమివ్వండి" అన్నాడు. క్రాస్ అంటే సాక్షిని అవతలి లాయరు ఎదురు ప్రశ్నలు అడగడం. అర నిమిషంలో వాయిదా పడింది. నాన్నగారు ఇలా వెనక్కి రావడం నాలుగోసారి.

ఆ రాత్రి, సివిల్ కేసులు ఎలా నడపాలో చెప్పే సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో వాయిదాల గురించిన భాగం, ఆర్డర్ 17, తీసి చదివాను. తగిన కారణం ఉంటేనే వాయిదా ఇవ్వాలి, ఆ కారణం రాసిపెట్టాలి, విచారణలో ఒక పార్టీకి మూడుకు మించకూడదు. లాయరు వేరే కోర్టులో ఉండడం కారణం కాదని కూడా అందులోనే ఉంది! సాక్షి వచ్చి, అవతలివాళ్లు సిద్ధంగా లేకపోతే సాక్ష్యం రాసుకుని, క్రాస్ లేకుండానే ముందుకెళ్లే అధికారం జడ్జిగారికి ఉంది.

జడ్జికి విచక్షణ వద్దని నేననను. ఇంట్లో చావు జరిగినవాళ్లకి, ఆసుపత్రిలో ఉన్నవాళ్లకి నాలుగోదైనా ఇవ్వాల్సిందే. 2005లో సేలం అడ్వకేట్ బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. చేయిదాటిన పరిస్థితి అంటే ఎలా ఉంటుందో చెప్పడానికి భోపాల్ గ్యాస్ దుర్ఘటనను, సునామీని ఉదాహరణగా చూపింది. 2011లో శివ్ కోటెక్స్ కేసులోనైతే, మూడు అవకాశాలిచ్చినా సాక్ష్యం పెట్టని వాదికి హైకోర్టు మళ్లీ అవకాశం ఇవ్వడం తప్పని చెప్పి, ఆ తీర్పునే కొట్టేసింది.

రోజూ అన్ని కేసులు పిలవాల్సిన జడ్జిగారి ఒత్తిడి నాకు తెలుసు. కానీ వాయిదా అడిగినవాళ్లు ఖర్చులు కట్టాలని అదే రూల్లో ఉంది కదా, అదైనా వేయొచ్చు కదా? బస్సు చార్జీ, పోయిన రోజు, ఎండలో పడిన అవస్థ ఇవన్నీ సాక్షి ఎందుకు భరించాలి?

"ఈసారి నేను వెళ్లకపోతే ఏమవుతుందిరా?" అని నాన్నగారు అడిగారు. సమన్లు అందిన సాక్షి రాకపోతే వారెంటు ఇవ్వొచ్చని చెప్పాను. ఆయన ఇంకేం మాట్లాడలేదు, క్యాలెండర్ తెచ్చి కొత్త తారీఖు చుట్టూ సున్నా చుట్టారు. ఆ రోజు మళ్లీ టైం అడిగితే అభ్యంతరం రాతపూర్వకంగా ఇవ్వమని, ఖర్చులు అడగమని పక్కింటాయన లాయరుగారికి ఇప్పటికే చెప్పి వచ్చాను.