తూనిక రాయి ఆల్ఫా గారికి

మహారాజశ్రీ ఆల్ఫా-సీవో గారికి,

పర్లాకిమిడి నుంచి నమస్కారాలు. తమరు క్షేమమని తలుస్తాను. తమరికేం, ఎప్పుడూ క్షేమమే. చిక్కంతా, కార్బన్ మోనాక్సైడ్ వెలుగుని వాయువు బరువుగా మార్చే గుణకం తమరేనని నమ్ముకుని లెక్కలు కట్టేవాళ్లకి.

నిన్నటి మధ్యాహ్నం సంగతి మనవి చేస్తున్నాను. జే1148+5251 అనే క్వాజర్ (వాయువుని మింగుతూ వెలిగే పెద్ద కృష్ణబిలం) ఉన్న గ్యాలక్సీలో వాయువు బరువెంత? రెడ్‌షిఫ్ట్ 6.42, అంటే విశ్వం సాగడం వల్ల అక్కడి తరంగం మన దగ్గరికి వచ్చేసరికి 7.42 రెట్లు పొడవైందన్నమాట. అక్కడ కార్బన్ మోనాక్సైడ్ 345.8 గిగాహెర్ట్జ్ దగ్గర వెలిగించిన 3–2 రేఖ (అణువు మూడో మెట్టు నుంచి రెండో మెట్టుకి దిగేటప్పటి వెలుగు), 7.42తో భాగారమై, మన దగ్గర 46.6కి దిగుతుంది. అమెరికాలోని వీఎల్ఏ రేడియో టెలిస్కోపు దాన్ని పట్టిందని 2003లో తెలిసింది. మన దాకా చేరిన వెలుగు, అంటే ఫ్లక్స్, 0.18 జాన్స్కీ కిలోమీటర్ పర్ సెకండ్. దాన్ని 3.25 కోట్లతో హెచ్చవేసి, 46.6 వర్గంతో భాగించి, వెలుగు మసకబారడాన్ని బట్టి కట్టే దూరం, సుమారు 62,500 మెగాపార్సెక్కుల వర్గంతో మళ్లీ హెచ్చవేసి, 7.42 ఘనంతో భాగిస్తే ఆ రేఖ అసలు వెలుగు, అంటే లూమినాసిటీ, 2,600 కోట్లు. యూనిట్ల గొడవ తమకి తెలిసిందే. కరెంటు రెండుసార్లు పోయినా లెక్క చెడలేదు. తప్పు పోతే పదో ఇరవయ్యో శాతం.

ఇక ఆఖరి మెట్టు మీద తమరు కూర్చున్నారు. "నాతో హెచ్చవెయ్" అంటారు. ఎంతతో స్వామీ? పాలపుంతలో తమరు 4.3. నక్షత్రాలు జోరుగా పుట్టే ఆర్ప్ 220 అనే గ్యాలక్సీ లాంటి చోట, 1998లో డౌన్స్, సోలమన్ అనే శాస్త్రజ్ఞులు కట్టిన ప్రకారం, 0.8. 0.8 వేస్తే 2,100 కోట్ల సూర్యుల బరువు. 4.3 వేస్తే 11,000 కోట్లు. పూర్వం ఊరికో కుంచం ఉండేదంటారు, అదే నయం. ఏ ఊరి కుంచమో కనీసం కొనేవాడికి తెలిసేది.

అసలు బరువంతా హైడ్రోజన్ అణువుదే. ఆ పెద్దమనిషికి ప్లస్సూ మైనస్సూ విడిగా ఉండే డైపోల్ లేదు, మొదటి మెట్టెక్కాలంటే 500 కెల్విన్ల పైమాట, చల్లటి మబ్బులో నోరు మెదపడు. కాబట్టి గుమాస్తా కార్బన్ మోనాక్సైడ్‌ని అడిగి షావుకారి ఆస్తి ఊహించాలి. పోనీ గుమాస్తా అయినా తిన్నగా చెబుతాడా? ఆ రేఖ వెలుగుకి వాయువే దట్టమైన తెర. పై పొర తప్ప లోపల కనపడదు. మనం చూసేది నిజానికి వాయువు కదలికల వెడల్పు. పాలపుంతలో ఏ మబ్బుకా మబ్బు తన బరువుతో తానే కట్టుబడి ఉంటుంది గనక వెడల్పుని బట్టి బరువు చెప్పొచ్చు. క్వాజర్ గ్యాలక్సీ నడిబొడ్డున వాయువంతా కలిసిపోయి ఉంటుంది, పక్కనున్న నక్షత్రాల బరువు కూడా ఆ వెడల్పుని సాగదీస్తుంది. కాటా మీద బస్తా పెడితే పక్కవాడు కాలు మోపినట్టు.

4.3 కుదరదనడానికి ఆధారం ఉంది, ఒప్పుకుంటాను. తిరిగే వేగాన్ని బట్టి నడిమి భాగం మొత్తం బరువు 5,000 కోట్ల ప్రాంతం. గోనెతో కలిపి యాభై కిలోలు తూగిన బస్తాలో బియ్యం నూటపది కిలోలంటే ఎవడు నమ్ముతాడు? కానీ అది కాదంటే 0.8 అవ్వాలని ఎక్కడుంది? 1.5 ఎందుకు కాకూడదు? పైగా ఆ 5,000 కోట్లు కూడా తిరిగే వాయువు పళ్లెం ఎంత వంగి ఉందనే ఊహ మీద నిలబడ్డదే!

మిగతావాళ్ల సంగతి తర్వాత చూస్తాను. తమరి తూకం 1–0 రేఖకి, మనం చూసింది 3–2ని; రెండిటి లూమినాసిటీ సమానమనుకోమన్నారు, అనుకున్నాం. అక్కడి విశ్వ నేపథ్య వికిరణమే (మహావిస్ఫోటనం నాటి మిగులు వెచ్చదనం) 20 కెల్విన్లు, చల్లటి వాయువు వెలుగుని అది మింగేస్తుంది, పోనీలే. కార్బన్ అయాను 256 గిగాహెర్ట్జ్ దగ్గర దివిటీలా కనిపిస్తుంది గానీ, మబ్బులోంచి వచ్చిందో బయట నుంచి వచ్చిందో చెప్పదు. మహేంద్రగిరి మీది తడిగాలిలో ఆ తరంగం ఎటూ బతకదు కాబట్టి, ఫ్రాన్స్ ఆల్ప్స్ కొండల మీద రెండున్నర వేల మీటర్ల ఎత్తున ఉన్న నోయెమా రేడియో టెలిస్కోపులకి దండం పెట్టుకుంటున్నాం.

కానీ నువ్వు! దశాంశాలు దిద్దుకుంటూ వచ్చిన లెక్క మీద చివర్లో అయిదు రెట్ల బురద చల్లేదానివి నువ్వు. తూనికలు కొలతల వాళ్ల ముద్ర లేని రాయివి. పొరుగింటి గ్యాలక్సీలో అరువు తెచ్చుకున్న రాయిని, 1,200 కోట్ల సంవత్సరాల పైచిలుకు వెనక్కి మోసుకెళ్లి, అక్కడా అదే తూకమంటావు. సిగ్గుండాలి.

0.8 వేశాను. వేయక ఏం చేస్తాను, ఇంకో రాయి ఎవరి దగ్గరుంది?

ఇట్లు,
2,100 కోట్లు అని రాసి, ముందు "సుమారు" చేర్చినవాడు